మేనమామ ఆపరేషన్ బల్ల మీద పోతే, మేనల్లుడికి మత్తు ఇవ్వొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది పలాస దగ్గర ఊరు. మీ బాబుకి ఐదేళ్లు, 18 కిలోలు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగుతోంది, ఆపరేషన్ చేయాలన్నారు. ఇంతలో మీ అత్తగారు పాత సంగతి ఒకటి చెప్పారు. పాతికేళ్ల కిందట మీ బావమరిది, అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లాడు, జీడితోటలో చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక సరిచేయడానికి మత్తు ఇచ్చారు. "దవడలు బిగిసిపోనాయి, ఒల్లు కాలిపోనాది, బల్ల మీదే పోనాడు" అన్నారావిడ. మీరు నెట్‌లో వెతికితే మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అన్న పేరు కనిపించింది, అంటే కొన్ని మత్తు మందులు తగిలితే కండరాలు బిగిసి ఒళ్లు కాలిపోయే, కుటుంబాల్లో వచ్చే గుణం. మీది మేనరికం, మీ మావయ్య కూతురినే చేసుకున్నారు. ఆవిడకు సిజేరియన్ అయింది, ఏమీ కాలేదు. బాబుకి ప్రమాదం ఉందా, ముందే తెలుసుకునే పరీక్ష ఉందా, శ్రీకాకుళంలో చేయించాలా విశాఖ వెళ్లాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు జవాబు చెప్తాను. ఆపరేషన్ చేయించొచ్చు, మానుకోవద్దు. అయితే బాబుకి ఈ గుణం ఉందనే అనుకుని, మత్తు ప్లాన్ మొదటి నుంచీ వేరేగా వేయాలి. పీల్చే మత్తు మందులు, కండరాలను వదులు చేసే స్కోలిన్ అనే ఇంజెక్షన్ ఈ పిల్లాడి దగ్గరికి రాకూడదు. అవి లేకుండా మత్తు ఇవ్వడం మాకు కొత్తేమీ కాదు, రోజూ వాడే మందులతోనే అయిపోతుంది. మీ అత్తగారు చెప్పిన ఆ మాట ఉన్నది ఉన్నట్టుగా మత్తు డాక్టరు చెవిన పడాలి. ఆపరేషన్ రోజు పొద్దున చెప్తే ఆలస్యం. కనీసం వారం ముందు చెప్పండి.

నేను శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో చాలా ఏళ్లుగా మత్తు ఇస్తున్నాను, అందులో పిల్లలే ఎక్కువ. నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

మన కండరం కదలాలంటే కండరకణం లోపల దాచి ఉన్న క్యాల్షియం కాస్త బయటికి రావాలి, పని అయ్యాక మళ్లీ లోపలికి పోవాలి. ఆ క్యాల్షియాన్ని వదిలే ద్వారం ర్యానోడీన్ రిసెప్టర్. దాన్ని తయారుచేసే జన్యువు ఆర్‌వైఆర్1, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో లోపం ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లో సాధారణంగా ఏ తేడా ఉండదు. ఆడతారు, పరిగెడతారు, పొలం పనులు చేస్తారు. కానీ హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ లాంటి పీల్చే మందు గానీ, స్కోలిన్ గానీ తగిలితే ఆ ద్వారం, వాషర్ పోయిన కొళాయిలాగా, మూతపడదు. ఒంట్లో కండరాలన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. ఆక్సిజన్ విపరీతంగా ఖర్చవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది, చితికిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయ తప్పుతుంది. జ్వరం ఐదు నిమిషాలకు ఒక డిగ్రీ సెల్సియస్ చొప్పున ఎక్కగలదు.

పేపర్లలో "మత్తు వికటించి మృతి" అని రాస్తారు. ఆ ఒక్క మాట కింద డజను కారణాలు దాగి ఉంటాయి. ఇది ఎలర్జీ కాదు, డోసు ఎక్కువ కావడం కూడా కాదు. సరైన డోసు, సరైన చేతులతో ఇచ్చినా వస్తుంది.

అరుదైన విషయమే. 10,000 మత్తుల్లో ఒకటి నుంచి 2,50,000 మత్తుల్లో ఒకటి దాకా రకరకాల అంచనాలు ఉన్నాయి. జన్యులోపం మాత్రం అంత అరుదు కాదు, సుమారు రెండు మూడు వేల మందిలో ఒకరికి ఉండొచ్చని లెక్క. లోపం ఉన్నా ప్రతిసారీ బయటపడదు. మొదటిసారి ఏమీ కాకుండా, రెండు మూడు మత్తుల తర్వాత బయటపడ్డవాళ్లు చాలామంది. అందుకే "మొన్న ఆపరేషన్‌కి ఏమీ కాలేదు" అన్నది హామీ కాదు. నమోదైన కేసుల్లో దాదాపు సగం 19 ఏళ్ల లోపు వాళ్లవే.

ఇక మీ భార్య సిజేరియన్ సంగతి. మన దగ్గర సిజేరియన్లు చాలావరకు నడుముకి ఇచ్చే స్పైనల్ మత్తుతోనే చేస్తారు. స్పైనల్‌లో వాడే మందుకీ దీనికీ సంబంధం లేదు. ఆవిడకు ఇచ్చింది అదే అయితే, అసలు పరీక్షే జరగనట్టు. "మా ఆవిడకు ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యంతో మత్తు డాక్టరుకి ఈ కథ చెప్పకుండా ఉండిపోయేవాళ్లు ఉంటారు, మీరు ఆ పని చేయకండి. డిశ్చార్జ్ కాగితం మీద ఏ రకం మత్తో రాసి ఉంటుంది, చూసుకోండి.

మేనరికం గురించి అడిగారు. ఈ లోపం ఎక్కువగా ఒక్క తల్లి నుంచో ఒక్క తండ్రి నుంచో వచ్చినా చాలు, మేనరికం ఉండాల్సిన పనే లేదు. లోపం ఉన్న మనిషి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మీ బావమరిదికి నిజంగా ఇదే అనుకుందాం. మీ భార్యకు ఉండే అవకాశం 50 శాతం, ఆమె ద్వారా బాబుకి 25 శాతం. మామూలుగా లెక్క ఇక్కడితో ఆగిపోవాలి. కానీ ఆ లోపం మీ అత్తగారి నుంచి కాక మీ మావయ్య నుంచి వచ్చి ఉంటే, మావయ్య తోబుట్టువు అయిన మీ అమ్మగారికీ ఉండొచ్చు, ఆమె నుంచి మీకూ ఉండొచ్చు. రెండు దారులూ కలిపితే బాబు లెక్క 30 శాతం దగ్గరికి వస్తుంది. పెద్ద తేడా కాదు గానీ, దీన్నిబట్టి మీరు చేయాల్సింది ఒకటుంది: మీ అత్తగారి వైపే కాదు, మీ అమ్మగారి వైపు వాళ్లను కూడా అడగండి. ఎవరైనా ఆపరేషన్‌లో పోయారా, మత్తు ఇచ్చాక దవడ బిగుసుకుందా, తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందా, కారణం తెలియకుండా ఐసీయూలో ఉన్నారా అని. మన జిల్లాల నుంచి చెన్నై, హైదరాబాద్, ఇంకా దూరాలకు వలస వెళ్లినవాళ్లు ఎక్కువ. అక్కడెక్కడో జరిగినవి ఇంటికి "గుండె ఆగిపోయిందట" అన్న ఒక్క ముక్కగా మాత్రమే చేరతాయి. ఫోన్ చేసి అడగండి.

ఇంటివాళ్ల మాటను నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం, ఈ జబ్బు లోకానికి తెలిసిందే అలాంటి మాటతో కాబట్టి. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ల కుర్రవాడు కాలు విరిగి ఆసుపత్రికి వచ్చాడు. అతనికి కాలి గురించి భయం లేదు, మత్తు గురించి భయం. బంధువుల్లో పదిమంది ఈథర్ మత్తులో చనిపోయారని చెప్పాడు. డాక్టర్లు అతని మాట విన్నారు, ఈథర్ బదులు అప్పటికి కొత్తగా వచ్చిన హాలోథేన్ ఇచ్చారు. దానితో కూడా పరిస్థితి చేయి దాటబోయింది. వెంటనే ఆపి, ఐసు పెట్టి బతికించారు. డెన్‌బరో, లవెల్ అనే ఇద్దరు దాన్ని వైద్యపత్రికలో రాశారు. ఇది కుటుంబాల్లో వచ్చే లోపమని ప్రపంచానికి అలా తెలిసింది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మగపిల్లాడు, మేనమామ అని వినగానే నాకు ఇంకో జబ్బు కూడా గుర్తొస్తుంది, అది డుషెన్ కండర క్షీణత. అది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. మేనమామకు వచ్చి, తల్లి బాగానే ఉండి, మేనల్లుడికి మళ్లీ కనిపించడం దాని పద్ధతి. ఆ పిల్లలకు స్కోలిన్ ఇస్తే పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోతుంది. పీల్చే మందులతో కూడా కండరాలు చితికిపోవచ్చు. ఇది మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా కాదు, కానీ బల్ల మీద చూసేవాళ్లకు దాదాపు ఒకలాగే కనిపిస్తుంది. ఇలాంటి మరణాలు చూశాకే అమెరికాలో 1990లలో పిల్లలకు స్కోలిన్ మామూలుగా వాడవద్దని మందు మీద గట్టి హెచ్చరిక పెట్టించారు.

ఆమదాలవలస వైపు నుంచి హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన ఒక బాబుని చూస్తుండగా కింద కూర్చోబెట్టి లేవమన్నాను. మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ తన ఒంటినే తాను ఎక్కుతున్నట్టు లేచాడు. పిక్కలు లావుగా, గట్టిగా ఉన్నాయి. వాళ్ల అమ్మ "మా గుంటడికి బద్ధకం, మెట్లెక్కడు" అంది. కండరాలు చితికితే రక్తంలో పెరిగే సీపీకే పరీక్ష చేయిస్తే వేలల్లో వచ్చింది. పీల్చే మందు, స్కోలిన్ లేకుండా, కెటమిన్ ఇచ్చి, వెన్ను కింది భాగంలో తిమ్మిరి ఇంజెక్షన్‌తో హెర్నియా చేశారు, క్షేమంగా ఇంటికెళ్లాడు. ఆ కుటుంబానికి అసలు జబ్బు పేరు తెలిసింది ఆ రోజే.

కాబట్టి మీ బాబుని కూడా ఒకసారి నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. నడక ఎప్పుడు మొదలుపెట్టాడు, మెట్లు ఎలా ఎక్కుతాడు, తరచూ పడిపోతాడా గుర్తు తెచ్చుకోండి. రేపే సీపీకే రక్తపరీక్ష చేయించండి, శ్రీకాకుళంలో ల్యాబుల్లో అయ్యేదే. డుషెన్ ఉంటే ఈ వయసుకే ఆ అంకె చాలా ఎక్కువగా ఉంటుంది. అంకె మామూలుగా ఉంటే డుషెన్ దాదాపు లేనట్టే. కానీ సీపీకే నార్మల్ అయినంత మాత్రాన మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా లేదని కాదు, అది ఉన్నవాళ్లలో చాలామందికి సీపీకే మామూలుగానే ఉంటుంది.

మరి దీనికి పరీక్ష ఏది? తొడ కండరం చిన్న ముక్క కోసి, దాన్ని తాజాగా ఉండగానే కెఫీన్‌తో, హాలోథేన్‌తో పరీక్షించి ఎంత బిగుసుకుంటుందో కొలుస్తారు. ప్రపంచంలో కొన్ని కేంద్రాల్లోనే చేస్తారు, మీ బాబంత చిన్నపిల్లలకు సాధారణంగా చేయరు. రెండోది రక్తంతో జన్యుపరీక్ష, మన దేశంలో ల్యాబులకు పంపొచ్చు. అందులో తెలిసిన లోపం దొరికితే జవాబు ఖాయం, ఇంటిల్లిపాదికీ ఉపయోగం. దొరకకపోతే మాత్రం "లేదు" అని సంతకం పెట్టలేం, అన్ని లోపాలూ ఇంకా జాబితాకెక్కలేదు. చేయించదలిస్తే ముందు మీ భార్యకు చేయించండి. కానీ రిపోర్టు కోసం ఆపరేషన్ ఆపొద్దు. నిద్రలో ఊపిరి ఆగే పిల్లాడిని నెలల తరబడి అలా వదిలేయడం కూడా మంచిది కాదు. ఉందనే అనుకుని మత్తు ఇస్తే సరిపోతుంది.

ఇక మత్తు ఎలా ఇస్తారో చెప్తాను. దీన్ని మీరు అర్థం చేసుకుంటే మీ డాక్టరుతో మాట్లాడటం తేలికవుతుంది.

మామూలుగా చిన్నపిల్లలకు ముఖానికి మాస్కు పెట్టి సెవోఫ్లూరేన్ పీల్పించి నిద్రపుచ్చాక సూది పెడతాం, ఏడుపు తప్పుతుందని. మీ బాబుకి అది కుదరదు. ముందే చేతికి సూది పెట్టాలి. గంట ముందు చర్మం మొద్దుబారే క్రీము రాసి ప్లాస్టర్ వేస్తే నొప్పి తెలియదు. నోటి ద్వారా మిడజోలమ్ కొంచెం ఇస్తే టెన్షన్ కూడా తగ్గుతుంది. తర్వాత ప్రొపొఫాల్‌తో నిద్రపుచ్చి, అదే మందును సిరంజి పంపుతో ఆపరేషన్ అయ్యేదాకా నడుపుతాం. గొంతులో ఊపిరి గొట్టం వేయడానికి కండరాలు వదులు చేసే వెక్యురోనియం, అట్రాక్యురియం, రోక్యురోనియం లాంటివి వాడొచ్చు. ఫెంటనిల్, కెటమిన్, పారాసిటమాల్, తిమ్మిరి మందులు, యాంటీబయాటిక్స్ అన్నీ క్షేమమే. నైట్రస్ ఆక్సైడ్ పీల్చేదే అయినా దానివల్ల ఇది రాదు.

మత్తు మిషన్‌లో పాత మందు ఆవిరి మిగిలి ఉంటుంది. వేపరైజర్లు (మందును ఆవిరి చేసే డబ్బాలు) తీసేసి, సోడా లైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే గుళికలు), గొట్టాలు కొత్తవి వేసి, ఎక్కువ వేగంతో ఆక్సిజన్ పారించి కడగాలి. పాత రకం మిషన్లకు ఇరవై నిమిషాల దాకా చాలు గానీ, కొత్త రకాల్లో కొన్నింటికి గంట దాటుతుంది. ఆక్టివేటెడ్ చార్‌కోల్ ఫిల్టర్ ఉంటే త్వరగా అవుతుంది. అందుకే ఆ రోజు మొదటి కేసుగా పెట్టమనండి. వారం ముందు చెప్పమన్నది కూడా ఇందుకే.

టాన్సిల్స్ ఆపరేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. గొట్టం తీసేటప్పుడు పిల్లలకు గొంతు బిగుసుకుపోవడం తరచూ చూస్తాం. అలాంటప్పుడు అలవాటు కొద్దీ చేయి వెళ్లేది స్కోలిన్ వైపే. అందుకే అలాంటి పిల్లల రోజున నేను స్కోలిన్ ట్రేలోంచి తీయించేస్తాను, దాని బదులు ప్రొపొఫాల్, రోక్యురోనియం సిద్ధంగా పెట్టుకుంటాను. మీ మత్తు డాక్టరుని మర్యాదగానే అడగండి: "గొంతు బిగుసుకుంటే ఏం ఇస్తారండీ?" ఆలోచించి పెట్టుకున్న మనిషైతే వెంటనే చెప్తారు.

చాలా ఏళ్ల కిందట, మందులు తక్కువగా దొరికే రోజుల్లో, ఒక పాపకి హాలోథేన్ మీద స్కోలిన్ ఇచ్చాక దవడ తెరుచుకోలేదు. అన్నీ ఆపేసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి, ఆపరేషన్ వాయిదా వేసి లేపాం. సాయంత్రానికి మూత్రం నల్లబడింది, సీపీకే బాగా పెరిగింది. సెలైన్లు ఎక్కించి, కిడ్నీలు కాపాడుకుంటూ నాలుగైదు రోజులు చూశాం, పాప కోలుకుంది. వాళ్ల నాన్నకి ఒక కార్డు రాసిచ్చి జేబులోంచి తీయొద్దని చెప్పాను. తర్వాతెప్పుడో ఆ పాప తమ్ముడికి ఆపరేషన్ వచ్చినప్పుడు ఆ కార్డు పట్టుకునే వచ్చారు. ప్రొపొఫాల్‌తో ఇచ్చాం, ఏ ఇబ్బందీ రాలేదు.

జ్వరం గురించి కూడా కొంత చెప్పాలి, మీరు చదివినవాటిలో దాని గురించే ఎక్కువగా ఉండి ఉంటుంది. ఇందులో జ్వరం చాలాసార్లు ఆలస్యంగా వచ్చే గుర్తు. ముందు తెలిసేది బయటికి వచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం, గుండె వేగం, కండరాల బిగుతు. ఒక మే నెలలో ఏసీ పాడైన ఆపరేషన్ థియేటర్లో, గుడ్డలు నిండుగా కప్పిన పిల్లాడికి టెంపరేచర్ 39 డిగ్రీలు దాటింది. అందరూ కంగారు పడ్డారు. కార్బన్ డయాక్సైడ్ మామూలుగా ఉంది, చేతులు కాళ్లు మెత్తగా ఉన్నాయి. గుడ్డలు తీసి తడిగుడ్డ పెడితే దిగిపోయింది. టాన్సిల్స్ తీశాక ఆ రాత్రి కాస్త ఒళ్లు వెచ్చబడటం కూడా మామూలే. ఇది వచ్చేది మత్తు నడుస్తుండగా, లేదా అయిన కాసేపటికి. పళ్ల డాక్టర్ ఇచ్చే తిమ్మిరి సూదికి భయపడక్కర్లేదు. ఎండలో పరిగెత్తాక కండరాలు బిగుసుకుని మూత్రం నల్లగా వస్తే మాత్రం చూపించండి, ఈ లోపం ఉన్న కొందరిలో అలా బయటపడుతుంది.

దీనికి విరుగుడు డాంట్రోలిన్. 1979 నుంచి ఇంజెక్షన్‌గా ఉంది. అది రాకముందు ఇది వచ్చినవాళ్లలో నూటికి 70, 80 మంది పోయేవారు. మందు అందుబాటులో ఉన్న దేశాల్లో ఇప్పుడది పదిలోపు. కిలోకి 2.5 మిల్లీగ్రాముల చొప్పున మీ బాబుకి మొదటి డోసు 45 మిల్లీగ్రాములు. పాత రకం సీసాలో 20 మిల్లీగ్రాములే ఉంటుంది, అంటే మూడు సీసాలు తెరవాలి, ఒక్కోదాన్నీ 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌లో కలపాలి. తగ్గకపోతే మళ్లీ మళ్లీ ఇవ్వాలి. కిలోకి 10 మిల్లీగ్రాముల దాకా వెళ్తే తొమ్మిది సీసాలు. ఖరీదైన మందు, చాలా ఆసుపత్రులు పెట్టుకోవు.

దీన్నిబట్టే శ్రీకాకుళమా, విశాఖా అన్నది. శ్రీకాకుళం నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాట, పలాస నుంచి ఇంకా దూరం. ఈ జబ్బులో చికిత్స నిమిషాల్లో మొదలవ్వాలి. బల్ల మీద తేడా వచ్చాక అంబులెన్సులో హైవే ఎక్కించడం దారి కాదు, ఎక్కడ చేయించాలో ముందే తేల్చుకోవాలి. ఊరి పేరు చూడకండి, ఇవి అడగండి: కార్బన్ డయాక్సైడ్ చూపించే మానిటర్ ప్రతి కేసుకీ పెడతారా, టెంపరేచర్ ప్రోబ్ ఉందా, సిరంజి పంపుతో పిల్లలకు మత్తు ఇవ్వడం ఆ డాక్టరుకి అలవాటేనా, పిల్లల్ని చూసే ఐసీయూ ఉందా, రాత్రి పూట కూడా బ్లడ్ గ్యాస్, పొటాషియం రిపోర్టు వస్తుందా, డాంట్రోలిన్ ఆ భవనంలోనే ఉందా, ఎన్ని సీసాలు. "కావాలంటే తెప్పిస్తాం" అంటే లేదనే అర్థం. మీది ఎమర్జెన్సీ కాదు, తేదీ మన చేతిలో ఉంది. అందుకని ఇవన్నీ ఒకచోట దొరికే ఆసుపత్రికే వెళ్లమంటాను, అది విశాఖలో అయినా సరే, రెండు రోజులు ఎక్కువ ఉండాల్సి వచ్చినా సరే. అదే రేపు ఏ అర్ధరాత్రో అపెండిసైటిస్‌తో వస్తే మాత్రం విశాఖ కోసం చూడొద్దు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో, సంగతి చెప్పి, ఆ రెండు రకాల మందులూ లేకుండా చేయించుకోవాలి. వాటిని తప్పిస్తే ముప్పు చాలావరకు తప్పినట్టే, డాంట్రోలిన్ ముందు జాగ్రత్తగా ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు.

మీ బావమరిది కాగితాలు ఏవైనా మిగిలాయేమో మీ అత్తగారి ట్రంకుపెట్టెలో వెతికించండి. లేకపోయినా పర్వాలేదు, ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకోండి: ఏ వయసు, ఏ ఆపరేషన్, మత్తు ఇచ్చిన ఎంతసేపటికి బిగుసుకున్నాడు, అంతకుముందు జ్వరం ఉందా, నడక ఎలా ఉండేది. వీలైతే ఆవిడనే ఫిట్‌నెస్ చూపించే రోజు వెంట తీసుకెళ్లండి. కడుపులో దుఃఖం పెట్టుకుని ఇన్నేళ్లు చెప్పని మనిషి, గుచ్చి గుచ్చి అడగకండి, నెమ్మదిగా అడగండి.

బాబు కేస్ షీటు మీద, ఓపీ పుస్తకం మీద, ఎర్ర అక్షరాలతో "మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అనుమానం, స్కోలిన్, పీల్చే మత్తు మందులు వద్దు" అని రాయించండి. మీ భార్యకీ, మీకూ కూడా ఇదే వర్తిస్తుంది. మీ భార్య తోబుట్టువులకూ, వాళ్ల పిల్లలకూ, మీ అమ్మగారి వైపు వాళ్లకూ చెప్పండి.

సీపీకే రిపోర్టు రాగానే ఆ అంకె, బాబు నేల మీంచి ఎలా లేచాడన్నది ఇక్కడ రాయండి. వాటిని చూసి, ముందు పిల్లల నరాల డాక్టరుకి చూపించాలా, నేరుగా ఆపరేషన్ తేదీ పెట్టించుకోవాలా అన్నది చెప్తాను.